రంగులు వాళ్లవే, జమీన్ ఎవరిది?

స్పానిష్‌లో మొహల్లాను 'బారియో' అంటారు. ఈ మాట స్పానిష్‌లోకి అరబీ నుంచి వచ్చింది. అందలూస్‌లో మాట్లాడిన అరబీలో 'బర్రీ' అంటే బయటిది, ఊరి గోడకు అవతల ఉన్నది. ఉర్దూ మీడియంలో జుగ్రాఫియా చదివినవాళ్లకు ఈ 'బర్ర్' పాత పరిచయమే. ఖండాన్ని బర్రె ఆజమ్ అనీ, మన ఉపఖండాన్ని బర్రె సగీర్ అనీ చదువుకున్నాం. స్పానిష్‌లో మేయర్‌ను 'అల్కాల్దే' అంటారు. అది మన ఖాజీ సాహెబే, అరబీలో అల్-ఖాదీ. గోడ బయట బతికేవాడి జాగాకు పెట్టిన పేరూ, లోపల కుర్చీలో కూర్చుని ఫైసలా చెప్పేవాడి పేరూ ఒకే జబాన్ నుంచి వచ్చాయన్నమాట. అమెరికాలో లాటినోలు డెబ్భై ఏళ్లుగా చేస్తున్న లడాయి ఈ రెండింటి మధ్య ఉన్న ఫాస్లాను తగ్గించడానికే.

2020 జనాభా లెక్కల్లో అమెరికా లాటినోలు 6.2 కోట్ల మంది. ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు. మెక్సికో, ప్యూర్టోరికో, ఎల్ సాల్వడార్, క్యూబా, ఇలా మూలాలు అనేకం. వీళ్లలో అందరూ నిన్న మొన్న వలస వచ్చినవాళ్లు కాదు. 1848లో మెక్సికో ఇలాఖాలు అమెరికా చేతికి పోయినప్పుడు, కదలకుండా ఉన్నచోటే ఉండి పరాయివాళ్లైన కుటుంబాల సంతానం కూడా ఉన్నారు. ఆ దేశంలో ఇళ్లు కట్టేదీ, రోడ్లు వేసేదీ, హోటళ్లలో వండేదీ చాలా చోట్ల వీళ్ల చేతులే. షహర్ నక్షా గీసే బల్ల దగ్గర మాత్రం ఈ చేతులు ఎప్పుడో గానీ కనిపించవు.

ఇప్పుడు హవా కొంచెం మారింది. 'లాటినో అర్బనిజం' అనే మాట యూనివర్సిటీల్లో చెలామణీ అవుతోంది. గోడల మీద మ్యూరల్స్, బండి మీద తమాలేలు, ఇంటి ముందు కుర్చీలు, వీధిలో పాట: ఇదే నగరానికి జాన్ అని ప్లానర్లు తారీఫ్ చేస్తున్నారు. ఖుషీగానే ఉంటుంది. కానీ తారీఫ్ వేరు, ఇఖ్తియార్ వేరు. ఒక జమాత్ తన షహర్‌ను మలచాలంటే దానికి మూడు కావాలని నా అభిప్రాయం: తన మొహల్లాకే లెక్కపడే ఓటు, తన పేరు మీద జమీన్, సర్కారు నక్షాకు జవాబుగా చేతిలో సొంత నక్షా. ఈ మూడూ లేనిచోట సంస్కృతి ఎంత రంగులమయంగా ఉన్నా, అది కిరాయిదారు వేసుకున్న రంగే. మాలిక్ కావాలనుకున్న రోజు సున్నం కొట్టేస్తాడు.

లాస్ ఏంజెల్స్‌లో డౌన్‌టౌన్‌కి దగ్గర్లో చావెజ్ రవీన్ అనే లోయ ఉండేది. పాలో వెర్డే, లా లోమా, బిషప్ అని అందులో మూడు మొహల్లాలు. మెక్సికన్ కుటుంబాలు సొంతంగా ఇళ్లు కట్టుకుని, కూరగాయలు పండించుకుంటూ, మేకలు పెంచుకుంటూ బతికేవి. షహర్‌లో చాలా చోట్ల వాళ్లకు ఇల్లు అమ్మేవాళ్లే లేరు మరి. 1950 జులైలో హౌసింగ్ అథారిటీ నుంచి ఇంటింటికీ ఖత్‌లు వచ్చాయి. ఇక్కడ తక్కువ ఆమ్దనీ ఉన్నవాళ్లకు సర్కారీ ఇళ్లు కడుతున్నాం, ఖాళీ చేయండి, కొత్త ఇళ్లలో మొదటి హక్కు మీదే అని వాటి సారాంశం. నీయత్ చెడ్డదేమీ కాదు. నక్షా గీసినవాళ్లలో రిచర్డ్ నైట్రా లాంటి మషూర్ ఆర్కిటెక్ట్ ఉన్నాడు. మీకు ఎలాంటి ఇల్లు కావాలి, అసలు మీరు కదలాలనుకుంటున్నారా అని ఆ లోయవాళ్లను అడగాలన్న ఖయాల్ మాత్రం ఎవరికీ రాలేదు.

చాలామంది వచ్చిన డబ్బు తీసుకుని కదిలారు. ఈలోగా సర్కారీ ఇళ్లంటే కమ్యూనిజమే అని ప్రచారం మొదలైంది. దాన్ని వ్యతిరేకించిన నోరిస్ పౌల్సన్ 1953లో మేయర్‌గా గెలిచాడు. ప్రాజెక్టు రద్దయింది. ఖాళీ అయిన జమీన్ చివరికి బ్రూక్లిన్ నుంచి తరలి వచ్చిన డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టుకు పోయింది. 1959 మే 8న, కదలమని జిద్దు పట్టిన చివరి కుటుంబాలను బయటికి ఈడ్చారు. ఒక మహిళను కాళ్లూ చేతులూ పట్టి మెట్ల మీద నుంచి మోసుకొస్తున్న ఫోటో ఈ రోజుకీ దొరుకుతుంది. వెనకే బుల్‌డోజర్ వచ్చింది. 1962లో స్టేడియం తెరుచుకుంది. దాని చుట్టూ వేల కార్లు ఆగే పార్కింగ్.

గరీబు పేరు చెప్పి ఖాళీ చేయించిన జాగా గరీబుకే చేరుతుందన్న మాట పట్టాలో లేకపోతే, అది వచ్చే ఎన్నికల దాకే నిలిచే మాట. చావెజ్ రవీన్ మొదటి సబక్ అది.

ఇక తారీఫ్ సంగతి. ఈస్ట్ లాస్ ఏంజెల్స్‌లో పెరిగిన జేమ్స్ రోహాస్ అనే ప్లానర్ 1991లో ఎంఐటీలో తన మొహల్లా మీదే థీసిస్ రాశాడు. అమెరికా శివారు ఇల్లు ఎలా ఉంటుంది? ముందు పచ్చగడ్డి, ఎవరూ అడుగుపెట్టరు. వెనక పెరడు, బతుకంతా అక్కడే. మెక్సికన్ కుటుంబాలు అదే ఇంటిని కొనుక్కుని దాన్ని తిప్పేశాయి. ముందు కంచె వేశారు. కంచె దగ్గర నిలబడి మాటలు, అమ్మకాలు, పిల్లల మీద ఒక కన్ను. మన పాతబస్తీ ఇళ్ల ముందు చబూత్రా చేసే పని అక్కడ కంచె చేస్తుంది. ఇంటికీ గల్లీకీ మధ్య సర్హద్‌లా కాకుండా, వచ్చిపోయేవాళ్లు కాసేపు ఆగే బైఠక్‌లా ఉంటుంది. ప్లానర్లు దీన్ని 'క్రమం లేకపోవడం' అని రాసుకున్నారు. రోహాస్ దీన్ని ఇల్మ్ అన్నాడు. ఆ తర్వాత ఆయన మొహల్లాలకు వెళ్లి బొత్తాలు, జుట్టు చుట్టుకునే కర్లర్లు, పాత బొమ్మలు బల్ల మీద పోసి, మీకు నచ్చే వీధిని వీటితో కట్టి చూపించండి అని అడగడం మొదలుపెట్టాడు. ఇంగ్లిష్ రాని నానమ్మ కూడా తన నక్షా పెట్టగలిగింది. మైకు ముందు రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడమంటే ఆమె సభకే రాదు.

వీధి బండ్లవాళ్ల జీత్ కూడా చిన్నదేమీ కాదు. లాస్ ఏంజెల్స్‌లో వీధిలో అమ్మేవాళ్లు సుమారు 50 వేల మంది అని అంచనా. వాళ్లలో ఎక్కువ మంది లాటినోలు, అందులోనూ ఔరత్‌లు. దశాబ్దాల పాటు ఆ షహర్‌లో ఫుట్‌పాత్ మీద అమ్మడం జుర్మ్. జుర్మానాతో ఆగితే సరే. కాగితాలు లేని వలసదారుకు క్రిమినల్ కేసు అంటే దేశం దాటించే దారి తెరిచినట్టే. వాళ్లు ఏళ్ల తరబడి కౌన్సిల్ సభలకు హాజరై దరఖాస్తులు పెట్టారు. ట్రంప్ మొదటిసారి గెలిచాక ఆ ఖౌఫ్ ఇంకా పెరిగింది. 2017లో సిటీ కౌన్సిల్ దాన్ని జుర్మ్ జాబితా నుంచి తీసేసింది. 2018లో కాలిఫోర్నియా రాష్ట్రమంతటికీ అలాంటి చట్టమే వచ్చింది. రోజీరోటీ కోసం ఫుట్‌పాత్ మీద నిలబడటం కూడా షహర్ నక్షాలో భాగమేనని సర్కారు ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఇంతవరకూ బాగుంది. నా పేచీ ఇక్కడి నుంచే మొదలవుతుంది. తారీఫ్ పెరిగిన చోటే కిరాయి కూడా పెరుగుతుంది. లాస్ ఏంజెల్స్ బాయిల్ హైట్స్‌లో మరియాచీ ప్లాజా ఉంది. గిటార్లు, బూరలు పట్టుకుని మరియాచీ వాద్యకారులు షాదీలకూ దావత్‌లకూ పిలిచేవాళ్ల కోసం అక్కడ ఎదురుచూస్తారు. 2009లో ఆ చౌరస్తా కిందే మెట్రో స్టేషన్ వచ్చింది. వాళ్ల కళ స్టేషన్‌కు అందం తెచ్చింది, స్టేషన్ చుట్టుపక్కల జాగాకు ధర తెచ్చింది. 2017లో ప్లాజాకు దగ్గర్లోని ఒక బిల్డింగులో కొన్ని ఇళ్ల కిరాయి 60 నుంచి 80 శాతం పెంచారు. అందులో ఉంటున్నవాళ్లలో మరియాచీలూ ఉన్నారు. 1978 తర్వాత కట్టిన బిల్డింగులకు ఆ షహర్ కిరాయి నియంత్రణ చట్టం వర్తించదు. అప్పట్లో అడ్డు చెప్పే కానూన్ లేదు. కిరాయిదారులు కిరాయి కట్టడం ఆపేసి నెలల తరబడి హర్తాళ్ చేశారు. 2018లో 14 శాతం పెంపు దగ్గర రాజీ కుదిరింది. అదీ అందరూ కలిసి ఒకే కాగితం మీద బేరం చేశారు కాబట్టి. ప్లాజాకు పేరిచ్చినవాళ్లకు ఆ ప్లాజా పక్కన ఉండే హక్కు, పేరు వల్ల రాలేదు. ఇత్తెహాద్ వల్ల వచ్చింది.

శాన్ డియాగో కథ ఇంకా చేదు. అక్కడ బారియో లోగన్ అనే మెక్సికన్ మొహల్లా మధ్యలో నుంచి ముందు ఫ్రీవే వెళ్లింది. 1969లో కొరొనాడో బ్రిడ్జి వచ్చింది. బ్రిడ్జి కింద పార్కు ఇస్తామన్నారు. 1970 ఏప్రిల్ 22న చూస్తే అక్కడ హైవే పోలీసు స్టేషన్ కోసం బుల్‌డోజర్లు జమీన్ చదును చేస్తున్నాయి. పిల్లలు, ఆడవాళ్లు, విద్యార్థులు చేయి చేయి పట్టుకుని ఆ జాగాలో నిలబడ్డారు. పన్నెండు రోజులు కదల్లేదు. పార్కు వచ్చింది. బ్రిడ్జి కాంక్రీటు స్తంభాల మీద వాళ్ల తారీఖ్ అంతా బొమ్మలై నిలిచింది. అదే చికానో పార్క్. 2016లో దానికి జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు దక్కింది.

ఇక్కడితో ఆపేస్తే మంచి సినిమా అవుతుంది. కానీ ఆ మొహల్లాలో ఇంటి పక్కనే వర్క్‌షాపు, స్కూలు పక్కనే రసాయనాల గోదాము. పాత జోనింగ్ అలాగే ఉంది. పిల్లలకు ఆస్తమా. ఏళ్ల మష్వరా తర్వాత ఇళ్లకూ షిప్‌యార్డు పరిశ్రమకూ మధ్య ఎడం ఉండేలా కొత్త ప్లాన్ తయారైంది. 2013లో సిటీ కౌన్సిల్ మంజూరు చేసింది. షిప్‌యార్డు కంపెనీలు ఒప్పుకోలేదు. సంతకాలు సేకరించి షహర్ మొత్తం ఓటుకు పెట్టించాయి. 2014 జూన్‌లో, ఆ మొహల్లా గాలి ఎన్నడూ పీల్చని ఓటర్లు కలిసి ఆ ప్లాన్‌ను కొట్టేశారు. మళ్లీ మంజూరు కావడానికి 2021 దాకా పట్టింది. స్తంభాల మీద బొమ్మలకు మాత్రం దేశమంతా సలాం చేస్తోంది. బొమ్మల వల్ల ఎవరికీ నుక్సాన్ లేదు కదా!

ఒక మొహల్లా బతుకును షహర్ మొత్తం కలిసి ఫైసలా చేయడం జమ్‌హూరియత్ లాగే కనిపిస్తుంది. ఇందులోని చాలును పట్టుకున్నది టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో మెక్సికన్లు. ఆ షహర్ పడమటి వైపు వాళ్ల బస్తీలు. వాన పడితే వీధులు వాగులయ్యేవి, పిల్లలు బురదలో నడిచి బడికి వెళ్లేవాళ్లు. కౌన్సిల్‌లో ప్రతి సభ్యుణ్నీ షహర్ మొత్తం ఓట్లతో ఎన్నుకునేవాళ్లు కాబట్టి, పడమటి బస్తీలకు జవాబుదారీ అయిన మనిషి అక్కడ ఒక్కడూ లేడు. 1974లో ఎర్నెస్టో కోర్టెజ్ అనే ఆర్గనైజర్ చర్చిల ఆధారంగా కాప్స్ అనే తంజీమ్ కట్టాడు. పూర్తి పేరు కమ్యూనిటీస్ ఆర్గనైజ్డ్ ఫర్ పబ్లిక్ సర్వీస్. అందులో ముందు నిలబడింది పెద్ద పెద్ద లీడర్లు కాదు. చర్చి పనులు చేసుకునే అమ్మలు, చిన్న నౌకరీలు చేసుకునే మనుషులు.

వాళ్లు నినాదాల కంటే ముందు ఫైళ్లు చదివారు. తమ దగ్గర మేబెర్రీ వీధి డ్రైనేజీ పని 1945లోనే ప్లాన్‌లో చేరిందనీ, మూడు దశాబ్దాలుగా పైసా విడుదల కాలేదనీ సబూత్ బయటికి తీశారు. 1974 ఆగస్టు వానల తర్వాత వందల మంది ఆ కాగితంతో మేయర్ ముందు నిలబడ్డారు. అదే ఏడాది నవంబరులో వరద కాలువల కోసం సుమారు 4.6 కోట్ల డాలర్ల బాండ్లకు ఓటర్ల మంజూరు దొరికింది. అక్కడ ఆగలేదు. 1977లో షహర్‌ను పది వార్డులుగా విడదీసి ఏ వార్డు సభ్యుణ్ని ఆ వార్డే ఎన్నుకునే పద్ధతి స్వల్ప మెజారిటీతో గెలిచింది. నాలుగేళ్లకు, 1981లో, హెన్రీ సిస్నెరోస్ మేయర్ అయ్యాడు. 1840ల తర్వాత ఆ షహర్‌కు మెక్సికన్ మూలాలున్న మేయర్ అతనే మొదలు. బారియో నుంచి అల్కాల్దే వరకు దారి కాలువల మీదుగా వెళ్లింది.

మన మస్జిద్ కమిటీలు ఈ కథను ధ్యాసగా వినాలి. ఆ చర్చిలు కూడా మనలాగే ఇబాదత్ కోసం కట్టుకున్నవే. ఆదివారం దువా అయ్యాక అదే హాల్లో కూర్చుని మునిసిపల్ బడ్జెట్ చదవడం ఈమాన్‌కు ఖిలాఫ్ అని వాళ్లు అనుకోలేదు.

ఓటు తర్వాత జమీన్. బోస్టన్ సౌత్ ఎండ్‌లో పార్సెల్ 19 అనే నంబరు పెట్టిన జాగాలో ప్యూర్టోరికో కుటుంబాలు ఉండేవి. 1960లలో అర్బన్ రెన్యూవల్ పేరుతో అక్కడి ఇళ్లు కూల్చాలని షహర్ తేల్చింది. జనం మేం పార్సెల్ 19 నుంచి కదలం అని స్పానిష్‌లో నారా ఇచ్చారు. 1968లో కిరాయిదారుల తంజీమ్ రిజిస్టర్ చేశారు. అసలు తెలివి తర్వాతి అడుగులో ఉంది. కూల్చొద్దు అనడంతో ఊరుకోకుండా, జాన్ షారట్ అనే ఆర్కిటెక్ట్‌తో కలిసి సొంత నక్షా గీయించి, డెవలపర్ హక్కు మాకే ఇవ్వండని అడిగారు. ఇచ్చారు. చిన్న చిన్న రంగుల ఇళ్లు, మధ్యలో ప్యూర్టోరికో తరహా చౌరస్తా, దానికి తమ దేశపు హీరో బెటాన్సెస్ పేరు. మొత్తం 435 ఇళ్లు. పేరు విల్లా విక్టోరియా. చుట్టూ సౌత్ ఎండ్ ఇప్పుడు బోస్టన్‌లోనే మహా మెహెంగా ఇలాఖా. నడిమధ్యలో తక్కువ ఆమ్దనీ ఉన్న కుటుంబాలు ఇంకా ఉన్నాయంటే, ఇళ్లు ఆ తంజీమ్ చేతిలో ఉన్నాయి కాబట్టే. రంగులు అక్కడా ఉన్నాయి. కానీ గోడలూ వాళ్లవే.

'ఇలా అడ్డం పడితే తరఖ్ఖీ ఎలా జరుగుతుంది?' అని అడిగేవాళ్లు ప్రతి ముల్కులో ఉంటారు. వాళ్లకు ఓక్లాండ్ ఫ్రూట్‌వేల్ జవాబు. 1991లో అక్కడి రైల్వే సంస్థ బార్ట్, స్టేషన్ పక్కన అంతస్తుల పార్కింగ్ కడతామంది. అది వస్తే స్టేషన్‌కూ బజారుకూ మధ్య కాంక్రీటు గోడ పడినట్టే. 1964 నుంచి పనిచేస్తున్న యూనిటీ కౌన్సిల్ అనే లాటినో సంస్థ, అరబెల్లా మార్టినెజ్ నాయకత్వంలో వద్దంది. వద్దు అని ఊరుకోలేదు. పార్కింగ్ బదులు ఏం కావాలో మొహల్లా సభలు పెట్టి రాసింది. స్టేషన్ నుంచి నేరుగా బజారులోకి నడిచే చౌరస్తా, దవాఖానా, లైబ్రరీ, బుజుర్గుల కేంద్రం, పసిపిల్లల బడి, పైన ఇళ్లు. 2004లో అది తెరుచుకుంది. 2018లో లాస్ ఏంజెల్స్ యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా పరిశోధకులు చూస్తే, అక్కడ ఆమ్దనీ, తాలీమ్ మెరుగైనా లాటినోల హిస్సా కుంగిపోలేదని తేలింది. పదమూడేళ్లు పట్టింది, నిజమే. వంద మీటింగుల సబర్ కావాలి. కానీ తరఖ్ఖీ ఆగలేదు. ఎవరికోసం అన్న సవాల్‌కు జవాబు మారింది, అంతే.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. మనవాడు కుర్చీలో కూర్చుంటే చాలనుకోవడం ధోఖా. 2022 అక్టోబరులో లాస్ ఏంజెల్స్‌లో ఒక రికార్డింగ్ బయటికొచ్చింది. ముగ్గురు లాటినో కౌన్సిల్ సభ్యులు, ఒక కార్మిక నాయకుడు కూర్చుని వార్డు సరిహద్దులను తమకు అనుకూలంగా ఎలా గీయాలో మాట్లాడుకున్నారు. ఆ మాటల్లో నల్లవాళ్ల మీద జాత్యహంకారం, మెక్సికోలోని ఓహాకా నుంచి వచ్చిన ఆదివాసీల మీద వెక్కిరింపు. కౌన్సిల్ ప్రెసిడెంట్ ఇస్తీఫా ఇవ్వాల్సి వచ్చింది. నక్షా గీసే కలం చేతికొచ్చిన బారియో బిడ్డ కూడా ఇంకొకరిని గోడ బయట పెట్టగలడు. అందుకే నేను మనిషి మీద కంటే ఇంతెజామ్ మీద భరోసా పెట్టమంటాను. తంజీమ్ చేతిలో పట్టా, వార్డు చేతిలో ఓటు, అందరికీ అర్థమయ్యే జబాన్‌లో సభ. ఇవి ఉంటే కుర్చీలో ఎవరున్నా లగామ్ ఉంటుంది.

తెలుగు పాఠకుడికి ఈ గొడవ దూరపుది కాదు. డల్లాస్ చుట్టూ ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లానోలలో మన తెలుగువాళ్లు, మన హైదరాబాదీలు వేల ఇళ్లు కొనుక్కున్నారు. టెక్సాస్‌లో ఇళ్లు కట్టే కార్మికుల్లో ఎక్కువ మంది లాటినోలే. మండుటెండలో మన పైకప్పులు వేసినవాళ్లు ఆ ఊళ్లో కిరాయికి ఉండగలరా లేదా అన్నది సిటీ కౌన్సిల్ జోనింగ్ సభలో తేలుతుంది. పెద్ద జాగాలో ఒక్క ఇల్లే కట్టాలా, తక్కువ కిరాయి అపార్ట్‌మెంట్లకు ఇజాజత్ ఇవ్వాలా అన్న ఓటు అక్కడే పడుతుంది. ఆ సభలో ఇంటి మాలిక్‌గా మాట్లాడే హక్కు మనకుంది. వాళ్లలో చాలామంది ఆ వేళకు డ్యూటీలో ఉంటారు. నిర్ణయం చేసే జబాన్ వాళ్లది కాదు, మనం దాన్ని కాన్వెంటులోనే నేర్చుకున్నాం.

మనమూ ఎప్పటికీ లోపలివాళ్లమే అన్న గుమాన్ వద్దు. ప్లానో మస్జిద్‌వాళ్లు ఊరికి దూరంగా ఇళ్లు, బడి, మస్జిద్ కలిపి ఒక కాలనీ కట్టుకుంటామని ముందుకొస్తే, 2025లో టెక్సాస్ గవర్నర్ వరసగా దర్యాప్తులకు హుకుం ఇచ్చాడు. మన నక్షా కూడా ఎవరి కళ్లలోనైనా షక్కు కావడానికి ఒక్క ఎన్నికల సీజన్ చాలు.

అందుకని అక్కడ ఉన్న మన భాయీలకు, బెహన్లకు ఒకటే గుజారిష్. మీ ఊళ్లో అపార్ట్‌మెంట్ల మీద సభ పెట్టినప్పుడు స్కూల్ రేటింగ్ లెక్కలు పక్కన పెట్టి ఒక్కసారి వెళ్లండి. స్పానిష్‌లో తర్జుమా ఉందా అని అడగండి. లేకపోతే పెట్టించమనండి. సాయంత్రం డ్యూటీ అయ్యాక సభ పెట్టమనండి. మీ ఇల్లు కట్టిన మనిషి కోసం మీరు కనీసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచమని అడగగలరు. ఆ కుర్చీలో కూర్చుని ఏం చెప్పాలో వాళ్లకు బాగా తెలుసు. శాన్ ఆంటోనియోలో, బోస్టన్‌లో, ఓక్లాండ్‌లో యాభై ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు.